రెండో ఓటమి దాకా ఆగే ఆట

2017 మే 21న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్. ముంబై ఇండియన్స్ 129 పరుగులు చేస్తే, రైజింగ్ పుణె సూపర్‌జెయింట్ 128 దగ్గర ఆగిపోయింది. ఒక్క పరుగు తేడాతో కప్పు ముంబై వశమైంది. ఆ సీజన్లో అంతకుముందు ఈ రెండు జట్లూ మూడుసార్లు తలపడ్డాయి. మూడుసార్లూ పుణెదే గెలుపు. ఆ మూడోది క్వాలిఫయర్-1. అందులో ఓడిన ముంబైకి క్వాలిఫయర్-2 రూపంలో ఇంకో అవకాశం దొరికింది. ఫైనల్లో ఓడిన పుణెకు అలాంటిదేమీ దొరకలేదు. అంటే ప్లేఆఫ్స్‌లో రెండు జట్లూ ఓడింది ఒక్కొక్కసారే. ఒకరి ఓటమికి మాఫీ దొరికింది, ఇంకొకరి ఓటమికి దొరకలేదు.

ఇందులో ఎవరూ నిబంధన తప్పలేదు. నిబంధనే అలా ఉంది. ఓడినవాళ్లకు రెండో అవకాశం ఇవ్వాలా, ఇస్తే ఏ దశ దాకా ఇవ్వాలి అన్నది పోటీలు నిర్వహించే ప్రతివాళ్లకూ ఎదురయ్యే ప్రశ్న. దానికి పూర్తిస్థాయి జవాబు డబుల్ ఎలిమినేషన్. మన వ్యాయామ ఉపాధ్యాయులు డబుల్ నాకౌట్ అనేది కూడా దీన్నే. రెండుసార్లు ఓడితేనే ఇంటికి. వినడానికి ఇంత తేలికైన సూత్రం, డ్రా కాగితం మీదికి వచ్చేసరికి ఎన్నో మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలేమిటో, ఏ ఆటలో ఎవరు వాటిని ఎలా విప్పుకున్నారో, చివరికి ఈ పద్ధతి ఎంతవరకు న్యాయం చేస్తుందో చూద్దాం.

నాకౌట్ మీద పాత ఫిర్యాదు

మామూలు నాకౌట్‌కు ఉన్న పెద్ద సుగుణం పొదుపు. ఎనిమిది జట్లుంటే ఏడు మ్యాచ్‌లు, పదహారుంటే పదిహేను. ప్రతి మ్యాచ్‌కూ ఒకరు ఇంటికి వెళ్తారు. విజేత తప్ప అందరూ వెళ్లాలి కాబట్టి జట్ల సంఖ్యకు ఒకటి తక్కువ. అదే లీగ్ పద్ధతిలో ఎనిమిది జట్లకు 28 మ్యాచ్‌లు, పదహారుకు 120 కావాలి. సంక్రాంతి సెలవుల్లో ఊళ్లో ఒక్క కబడ్డీ కోర్టు వేసి పోటీలు పెట్టేవాళ్లకు నాకౌట్ తప్ప గత్యంతరం లేదనిపించేది అందుకే.

దాని లోపం కూడా ఆ పొదుపులోనే ఉంది. డ్రా తీసినప్పుడు రెండు బలమైన జట్లు మొదటి రౌండ్లోనే ఎదురుపడితే, ఒకటి పొద్దున్నే ఇంటిదారి పడుతుంది. అవతలి సగంలో దానికన్నా తక్కువ జట్టు ఫైనల్ దాకా వచ్చి రన్నరప్ షీల్డు పట్టుకెళ్తుంది.

ఈ అన్యాయాన్ని గణితంతో నిరూపించిన తొలివాళ్లలో ఒకరు మనకు వేరే రకంగా తెలిసినవాడే. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' రాసిన లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం బోధించినవాడు. లాన్ టెన్నిస్ పోటీల్లో బహుమతులు పంచే తీరు తప్పంటూ 1883లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులోని వాదన సూటిగా ఉంటుంది. 32 మంది ఆడుతున్నారనుకుందాం. బలమైనవాడే ఎప్పుడూ గెలుస్తాడనీ అనుకుందాం. నిజంగా రెండో స్థానానికి అర్హుడైనవాడు ఫైనల్‌కు రావాలంటే, మొదటివాడు ఉన్న సగంలో పడకూడదు. మొదటివాడి చోటు పోగా మిగిలినవి 31. వాటిలో అవతలి సగానివి 16. అంటే రెండో బహుమతి అసలైనవాడికి అందే అవకాశం 31లో 16 మాత్రమే, సగానికి కాస్త పైన. మొదటి బహుమతి ప్రతిభకు, రెండోది దాదాపుగా బొమ్మాబొరుసుకు.

కారల్ చూపిన విరుగుడు ఏమిటంటే, ఒక ఆటగాడి కన్నా మెరుగైనవాళ్లు ముగ్గురున్నారని తేలేదాకా అతన్ని పోటీలోంచి తీసేయకూడదు. మూడు బహుమతులుంటే ముగ్గురి వెనక పడ్డవాడికే బహుమతి రాదన్నది అతని తర్కం. తీసేయడానికి ఒక్క ఓటమి చాలదన్న ఆలోచనకు ఇంత పకడ్బందీ వాదన అంత తొందరగానే దొరికింది. డబుల్ ఎలిమినేషన్‌ది కూడా అదే దారి.

ఎనిమిది జట్లతో ఒక పోటీ

డబుల్ ఎలిమినేషన్‌లో రెండు పట్టికలుంటాయి. అందరూ మొదలయ్యేది విన్నర్స్ బ్రాకెట్‌లో. అక్కడ ఓడినవాళ్లు లూజర్స్ బ్రాకెట్‌లోకి దిగుతారు. అక్కడా ఓడితే ఆట ముగిసినట్టే. రెండు పట్టికల విజేతలు గ్రాండ్ ఫైనల్లో కలుస్తారు.

బలాన్ని బట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా సీడింగ్ ఇచ్చామనుకుందాం. పై సగంలో 1-8, 4-5. కింది సగంలో 2-7, 3-6. మొదటి రౌండ్లో 1, 5, 2, 3 గెలిచాయి. ఓడిన 8, 4 ఒకవైపు, 7, 6 మరోవైపు లూజర్స్ బ్రాకెట్‌లోకి దిగాయి. అక్కడ 8 మీద 4, 7 మీద 6 గెలిచాయి. 8, 7 ఇంటికి వెళ్లాయి. అయినా రెండేసి మ్యాచ్‌లు ఆడే వెళ్లాయి.

ఈలోగా పైన సెమీఫైనల్స్‌లో 5 మీద 1, 2 మీద 3 నెగ్గాయి. ఇప్పుడు 5, 2 కిందికి దిగాలి. అసలు మెలిక ఇక్కడుంది. పై సగంలో ఓడిన 5ను అటునుంచి అటే దించితే, అక్కడ కాచుకుని ఉన్నది 4. మొదటి రౌండ్లో 5 చేతిలో ఓడిన జట్టు అదే. వెంటనే మళ్లీ అదే జోడీ పడితే ప్రేక్షకులకు విసుగు, ఆటగాళ్లకు చిరాకు. అందుకే దిగేవాళ్లను అడ్డంగా మారుస్తారు. పై సగంలో ఓడినవాళ్లు కింది సగంవాళ్లతో, కింది సగంలో ఓడినవాళ్లు పై సగంవాళ్లతో ఆడతారు. దాంతో 4కు 2, 6కు 5 ప్రత్యర్థులయ్యాయి. 2ను 4 ఓడించింది, 6ను 5 ఓడించింది. తర్వాతి రౌండ్లో 4, 5 తిరిగి ఎదురుపడ్డాయి. పాత జోడీలను శాశ్వతంగా తప్పించలేం, వాయిదా మాత్రం వేయగలం. ఈసారి 4 గెలిచి బాకీ తీర్చుకుంది. 5కు నాలుగో స్థానం.

పైన విన్నర్స్ ఫైనల్లో 3 మీద 1 గెలిచింది. ఓడిన 3 దిగి వచ్చి లూజర్స్ ఫైనల్లో 4తో తలపడి ఓడింది. దానికి మూడో స్థానం ఖాయం. మూడో స్థానం కోసం విడిగా మ్యాచ్ పెట్టాల్సిన పని ఈ పద్ధతిలో ఉండదు.

లూజర్స్ బ్రాకెట్ నడక గమనించారా? ఒక రౌండ్లో కిందివాళ్లు తమలో తాము ఆడతారు, తర్వాతి రౌండ్లో పైనుంచి కొత్తగా దిగినవాళ్లతో ఆడతారు. అందుకే పై పట్టికలో మూడు రౌండ్లుంటే కింద నాలుగు పడ్డాయి. పదహారు జట్లయితే పైన నాలుగు, కింద ఆరు.

గ్రాండ్ ఫైనల్ 1కీ 4కీ మధ్య. 1 గెలిస్తే కథ అయిపోయినట్టే. 4 గెలిస్తే మాత్రం ఇద్దరికీ ఒక్కొక్క ఓటమి ఉన్నట్టు. సూత్రం ప్రకారం ఇంకో మ్యాచ్ పెట్టాలి. దీన్నే ఆటగాళ్ల భాషలో రీసెట్ అంటారు.

మ్యాచ్‌ల లెక్క

మొత్తం ఎన్ని మ్యాచ్‌లో తెలుసుకోవడానికి పట్టిక గీయనక్కర్లేదు. ప్రతి మ్యాచ్‌కూ ఒక ఓటమి. విజేత కాక మిగిలిన ఏడు జట్లూ రెండేసిసార్లు ఓడాలి, అంటే 14. విజేత ఒక్కసారీ ఓడకపోతే 14తోనే ముగుస్తుంది, ఒకసారి ఓడితే 15. పదహారు జట్లకు 30 లేదా 31. నాకౌట్‌కు రెట్టింపు, లీగ్‌లో నాలుగో వంతు. కబడ్డీలో ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో విరామం, టైమవుట్లు అన్నీ కలిపి మ్యాచ్‌కు గంట వేసుకుంటే, ఒక్క కోర్టు మీద ఎనిమిది జట్ల నాకౌట్ ఒక రోజులో తేలిపోతుంది. డబుల్ నాకౌట్‌కు రెండు రోజులు కావాలి.

జట్లు 4, 8, 16 లెక్కన రాకపోతే కొన్నిటికి బైలు, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లే వీలు ఇవ్వాలి. పదకొండు జట్లొస్తే పదహారులోంచి పదకొండు తీసేయగా ఐదు బైలు. మొదటి రౌండ్లో మూడే మ్యాచ్‌లు. దిగేవి మూడే జట్లు కాబట్టి లూజర్స్ బ్రాకెట్‌లోనూ బైలు పడతాయి. పైన బై వచ్చిన జట్టుకే కింద మళ్లీ బై రాకుండా చూసుకోవడం నిర్వాహకుల నేర్పు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి వ్యాయామ విద్య పుస్తకాల్లో బైల లెక్క, ఫిక్స్చర్ వేసే తీరు పాఠంగానే ఉన్నాయి.

లెక్కలో కనబడని భారం ఒకటుంది. మన ఉదాహరణలో గ్రాండ్ ఫైనల్‌కు వచ్చేసరికి 1 ఆడింది మూడు మ్యాచ్‌లు, 4 ఆడింది ఐదు. పదహారు జట్ల పోటీలో మొదటి రౌండ్లోనే ఓడి పైకి రావాలంటే గ్రాండ్ ఫైనల్‌కు ముందే ఏడు ఆడాలి. తొందరగా ఓడిన తప్పుకు శిక్ష అలసటే. చెస్‌లోనో వీడియో గేముల్లోనో ఈ శిక్ష భరించదగినదే, కుస్తీలోనో కబడ్డీలోనో ఒళ్లు హూనమవుతుంది.

తగవంతా ఫైనల్ దగ్గరే

ఈ పద్ధతిని వాడే పోటీలు విడిపోయేది రీసెట్ దగ్గర. జరుగుతుందో లేదో తెలియని మ్యాచ్‌కు టికెట్లు ఎలా అమ్మాలి? టీవీలో సమయం ఎలా కేటాయించాలి? కప్పు పట్టుకోవాల్సిన క్షణంలో ఇంకో ఆట ఉందంటే ప్రేక్షకుడికి మింగుడు పడుతుందా?

అమెరికా కాలేజీ బేస్‌బాల్ చరిత్ర ఈ తగవుకు మంచి సాక్ష్యం. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్ 1950 నుంచి డబుల్ ఎలిమినేషన్‌లో సాగింది. ఎనిమిది జట్లు, రెండు ఓటములు, అంతే. 1988లో జట్లను నాలుగేసి చొప్పున రెండు బ్రాకెట్లు చేసి, రెండింటి విజేతలకు ఒక్క మ్యాచ్ ఫైనల్ పెట్టారు. టీవీకి సుఖం, జట్టుకు కష్టం. అప్పటిదాకా ఓటమి ఎరుగని జట్టు కూడా ఒక్క రోజు తడబడితే టైటిల్ గల్లంతు. 2003 నుంచి ఫైనల్‌ను మూడు మ్యాచ్‌ల సిరీస్ చేశారు. ఒక్క మ్యాచ్ జూదం పోయింది, మహా అయితే ఎన్ని రోజులు ఆడాలో ముందే తెలిసింది. ఒక రాజీ కుదరడానికి యాభై ఏళ్లు దాటింది.

వీడియో గేముల పోటీల్లో డబుల్ ఎలిమినేషన్ దాదాపు ఇంటిపద్ధతి. ఫైటింగ్ గేముల ఎవో పోటీలో 2004లో జపాన్ ఆటగాడు డైగో ఉమెహరా, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ మధ్య జరిగిన ఆట వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క దెబ్బ తగిలినా ప్రాణం పోయే స్థితిలో, వరుసగా పడిన పదిహేను దెబ్బల్నీ కాచుకుని డైగో గెలిచాడు. అది ఫైనల్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, లూజర్స్ ఫైనల్. తర్వాత గ్రాండ్ ఫైనల్లో కెంజీ ఒబాటా చేతిలో డైగో ఓడిపోయాడు. ఓడితే పోయేదే కాబట్టి లూజర్స్ బ్రాకెట్‌లో ప్రతి ఆటా చావో రేవోనే. అంత పట్టు విన్నర్స్ బ్రాకెట్‌లో ఉండదు.

డోటా-2 ఆటకు ప్రపంచకప్ లాంటి 'ది ఇంటర్నేషనల్' ఇంకో దారి పట్టింది. పట్టికలు రెండున్నా రీసెట్ లేదు, ఐదు ఆటల ఫైనలే. నాలుగు కోట్ల డాలర్ల బహుమతితో 2021లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన పోటీలో టీమ్ స్పిరిట్ ప్రధాన పోటీ మొదటి మ్యాచ్‌లోనే ఓడి కిందికి దిగింది. అక్కడినుంచి వరసగా గెలుచుకుంటూ వచ్చి ఫైనల్లో పీఎస్‌జీ.ఎల్‌జీడీని 3-2తో ఓడించింది. ఓడిన జట్టుకు బ్రాకెట్‌లో అదే తొలి ఓటమి. ఉప్పల్‌లో పుణెకు జరిగింది కూడా ఇదే.

సగం రెండో అవకాశాలు

అందరికీ రెండో అవకాశం ఇవ్వలేని ఆటలు కొందరికి మాత్రం ఇస్తాయి. ఎవరికివ్వాలన్న దగ్గర ఒక్కో ఆటది ఒక్కో తర్కం.

కుస్తీలో రెపిషాజ్ ఉంది. ఫైనల్‌కు చేరినవాళ్ల చేతిలో ఓడినవాళ్లే కాంస్యం కోసం మళ్లీ బరిలోకి దిగుతారు. గెలిచినవాడు ఎంత బలవంతుడో తేలాకే ఓడినవాడి ఓటమికి విలువ కడతారన్నమాట. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సుశీల్ కుమార్ తన తొలి కుస్తీలోనే ఉక్రెయిన్ మల్లుడు ఆండ్రీ స్టాడ్నిక్ చేతిలో ఓడాడు. స్టాడ్నిక్ ఫైనల్‌కు చేరడంతో దారి తెరుచుకుంది. మూడు కుస్తీలు గెలిచి సుశీల్ కాంస్యం తెచ్చాడు. 1952లో కె.డి. జాదవ్ తర్వాత కుస్తీలో మనకు అదే తొలి ఒలింపిక్ పతకం. 2016 రియోలో సాక్షి మలిక్ కూడా అంతే. రష్యాకు చెందిన కొబ్లోవా చేతిలో ఓడి, ఆమె ఫైనల్‌కు చేరడంతో మళ్లీ బరిలోకి వచ్చి కాంస్యం గెలిచింది. ఈ పద్ధతిలో ఉన్న తిరకాసు ఏమిటంటే, ఓడినవాళ్ల భవిష్యత్తు వాళ్ల చేతిలో ఉండదు. తమను ఓడించినవాళ్లే గెలవాలని కోరుకుంటూ కూర్చోవాలి. స్వర్ణం దారి మాత్రం మొదటి ఓటమితోనే మూసుకుపోతుంది.

జూడోలో క్వార్టర్‌ఫైనల్స్‌లో ఓడినవాళ్లకే ఆ అవకాశం. ఒలింపిక్ బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇచ్చేస్తారు. బ్యాడ్మింటన్‌లో ఆ ఇద్దరికీ పోటీ పెడతారు. టోక్యోలో తై జు యింగ్ చేతిలో సెమీస్ ఓడిన పి.వి. సింధు, హె బింగ్‌జియావోను ఓడించి తన రెండో ఒలింపిక్ పతకం అందుకుంది అలాగే.

ఐపీఎల్ ప్లేఆఫ్స్ పద్ధతి పుట్టింది ఆస్ట్రేలియాలో. విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ 1931లో మొదలెట్టిన పేజ్ పద్ధతి ఇది. ఐపీఎల్‌కు 2011లో వచ్చింది. లీగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకే రెండో అవకాశం, మూడూ నాలుగు స్థానాల జట్లకు ఎలిమినేటర్. ఇక్కడ రెండో అవకాశం దయ కాదు, రెండు నెలల కష్టానికి కూలి. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మూడో స్థానంలో నిలిచి, కోల్‌కతా, గుజరాత్ లయన్స్ జట్లను దాటుకుని, బెంగళూరులో బెంగళూరునే 8 పరుగులతో ఓడించింది. ఎలిమినేటర్ నుంచి బయల్దేరి కప్పు కొట్టిన తొలి జట్టు అదే. 2018లో, 2024లో మాత్రం రెండో అవకాశం దొరికీ గెలవలేకపోయింది. 2018లో చెన్నై, 2024లో కోల్‌కతా క్వాలిఫయర్-1లోనూ ఫైనల్లోనూ హైదరాబాద్‌ను ఓడించాయి.

ఇంతకీ న్యాయమెంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిది జట్లలో ఒకటి, ఎవరితో ఆడినా నాలుగింట మూడుసార్లు గెలిచేంత బలమైనది. మామూలు నాకౌట్‌లో దానికి కప్పు దక్కే అవకాశం నూటికి 42. రీసెట్ ఉన్న డబుల్ ఎలిమినేషన్‌లో 54. రీసెట్ తీసేస్తే 51. అదే నాకౌట్‌ను ప్రతి జోడీకీ మూడు ఆటల చొప్పున, రెండు గెలిచినవాళ్లే ముందుకు అన్న పద్ధతిలో ఆడిస్తే 60. దానికి పట్టేది 14 నుంచి 21 ఆటలు.

ఈ అంకెలు చెప్పేది గట్టి మాటే. ఛాంపియన్‌ను తేల్చడమే పనైతే డబుల్ ఎలిమినేషన్ అన్నిటికన్నా మంచి సాధనమేమీ కాదు. మ్యాచ్‌లు కాస్త పెంచుకోగలిగితే మూడు ఆటల నాకౌట్ ఇంకా నమ్మకంగా తేలుస్తుంది. డబుల్ ఎలిమినేషన్ అసలు బలం రెండో స్థానంలో ఉంది. బలమైనదే గెలుస్తుందన్న కారల్ షరతు మీద, డ్రా ఎలా పడినా రెండో జట్టే రెండో స్థానంలో నిలుస్తుంది. దాన్ని ఓడించగలిగేది మొదటి జట్టొక్కటే కాబట్టి, ఫైనల్ దాకా దానికి రెండో ఓటమి రాదు. మూడు ఆటల నాకౌట్ ఈ పని చేయలేదు.

మూడో స్థానానికి మాత్రం పూచీ లేదు. సీడింగ్ లేకుండా చీట్లు తీశారనుకుందాం. 1, 2, 3 ఒకే సగంలో పడ్డాయి. మొదటి రౌండ్లోనే 3 పోయి 2 చేతిలో ఓడింది. తర్వాత 2 సెమీస్‌లో 1 చేతిలో ఓడి కిందికి దిగింది. 3 కింద రెండు మ్యాచ్‌లు గెలిచాక మళ్లీ 2 ఎదురై ఓడింది. నాలుగో స్థానంతో సరి. అవతలి సగంలో హాయిగా విన్నర్స్ ఫైనల్ దాకా వచ్చిన 4కు మూడో బహుమతి. మెరుగైనవాళ్లు ముగ్గురున్నారని తేలాలన్న షరతు కారల్ పెట్టింది ఇలాంటివి తప్పించడానికే. సీడింగ్ ఉంటే ఈ చిక్కు చాలావరకు పోతుంది.

డబుల్ ఎలిమినేషన్ ఎక్కడ పనికొస్తుందో దీన్నిబట్టే తేలుతుంది. బహుమతులు మూడు నాలుగున్నచోట, దూరాభారం నుంచి వచ్చిన జట్లను ఒక్క ఆటతో తిప్పి పంపడం ఇష్టం లేనిచోట, ఆట చిన్నదై రోజుకు రెండు మూడు ఆడినా ఒళ్లు తట్టుకునేచోట ఇది మేలు. క్యారమ్స్, చెస్, పంజా కుస్తీ, టేబుల్ టెన్నిస్, వీడియో గేములు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. పంజా కుస్తీలో ఇది అంతర్జాతీయంగా ఉన్న ఆనవాయితీ. ఒక్క కోర్టు మీద ఒక్క రోజులో ముగించాల్సిన కబడ్డీ, వాలీబాల్ పోటీలకు నప్పదు. ఆరేడు జట్లే వస్తే లీగ్ పెట్టడమే ఉత్తమం.

పెట్టదలచినవాళ్లు మూడు పనులు మరవకూడదు. సీడింగ్ ఇవ్వండి. కిందికి దిగేవాళ్లను అడ్డంగా మార్చండి. ఫైనల్‌ను మూడు ఆటలుగా ప్రకటించి, విన్నర్స్ బ్రాకెట్ నుంచి వచ్చినవాళ్లకు 1-0 ఆధిక్యంతో మొదలుపెట్టండి. లెక్కప్రకారం ఇది రీసెట్టే. వాళ్లకు ఒక్క గెలుపు చాలు, అవతలివాళ్లకు వరసగా రెండు కావాలి. కాకపోతే ఇంకో మ్యాచ్ ఉందని చివర్లో చెప్పి జనాన్ని తికమక పెట్టాల్సిన పని తప్పుతుంది. వీటిలో ఏది పాటించినా పాటించకపోయినా, ఫైనల్ నిబంధన మాత్రం డ్రా తీయకముందే కాగితం మీద పెట్టి, ప్రతి జట్టు కెప్టెన్‌తోనూ సంతకం చేయించుకోండి.